రెండు గీతల నడుమ

తిరుత్తణి,
18-1-1983

బావగారికి,

నేను ఎట్లా ఉన్నానో రాయలేదని అక్క బాధపడుతోందట. ఒళ్ళు బాగానే ఉంది. తల మాత్రం మూడు రోజులుగా కాలుతోంది. ఎందుకో రాస్తాను. చివరిదాకా చదివి, ఆ తర్వాత నవ్వండి.

తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకంలో చిట్టచివరి పాఠం గణాంకాలు. ఈ బడిలో ఏ వాద్యారూ దానిదాకా వచ్చిన పాపాన పోలేదు. నేను వచ్చాను. తెరిస్తే ఏముంది? ‘ఒక కర్మాగారంలో యాభైమంది పనివారి ఎత్తులు ఈ క్రింద ఇవ్వబడినవి.’ ఏ కర్మాగారం? ఏ ఊళ్ళో ఉంది? ఆ యాభైమందిని గోడకు నిలబెట్టి కొలిచినవాడెవడు? నలభైరెండుమంది పిల్లలు వరసగా ఆవలిస్తుంటే నాకు ఒళ్ళు మండింది. పుస్తకం మూసి బల్లమీద కొట్టాను. “సరే, మీకు ఏం లెక్కపెట్టాలని ఉందో మీరే చెప్పండి” అన్నాను.

వెనక బెంచీలో కోకిల అని ఒక పిల్ల ఉంది, రాళ్ళకండ్రిగ నుంచి నడిచి వస్తుంది. ఆ పిల్ల లేచి, “సారూ, మా అమ్మ దినామూ అడగతా ఉండాది, బాయిలో నీళ్ళు ఎండాకాలం దాకా వస్తాయా రావా అని. అది లెక్క కట్టను అవుతుందా?” అంది.

బావా, ఇన్నేళ్ళుగా నేను పావలా పుస్తకాల్లో చదివిన సైన్సంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది! మొన్నటి వానలు మోసం చేశాయి కదా. కండ్రిగలో ఐదు బావులు. ప్రతి ఆదివారం తాడుకు రాయి కట్టి, గట్టు నుంచి నీళ్ళదాకా ఎంత లోతో కొలిచి, గ్రాఫు గీయాలని తీర్మానించాం.

మొదటి ఆదివారం ఆరుముగం కొలిచాడు. ఊరంతా తాగే బావి, ఒకటో నంబరు, ఐదు బారలు. రెండో ఆదివారం కోకిల కొలిచింది. అదే బావి ఏడు బారలు. వారంలో రెండు బారలు! నా రక్తం ఉడికిపోయింది. ఆ బావి పక్కనే ధనకోటి నాయుడి కరెంటు మోటారు ఉంది. తిన్నగా టీకొట్టు దగ్గరికి పోయి, పదిమంది ముందు, “ఊరి నీళ్ళు తాగేస్తున్నావు, నీకు సిగ్గు లేదా” అని అరిచాను. ఆయన గ్లాసు కింద పెట్టి నిమ్మళంగా అన్నాడు: “ఏం వాద్యారే, నా మోటారు కాలిపోయి ఇరవై దినాలాయె. కాయిలు కట్టను తిరుత్తణిలో ఏసుండాను. నువ్వు ఆ ఊరోడివే గదా, పోయి చూసి రా.”

కొట్టు కొట్టంతా నవ్వింది. ఆ తర్వాత తెలిసింది. ఆరుముగం చేతులు చాపితే తాటిమట్టలు. కోకిల వాడి రొమ్ము దగ్గరికి వస్తుంది. వాడి బార వాడిది, దాని బార దానిది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

ఇప్పుడు మీ సాయం కావాలి. ఆ పక్క బావుల నీటి మట్టాలు మీ ఆఫీసులోనే కదా రాస్తారు. రాళ్ళకండ్రిగ ఐదు బావుల లెక్కలు పంపండి. పిల్లల గీత పక్కన సర్కారు గీత ఉంటే నన్ను చూసి నవ్వినవాళ్ళు నోరు మూస్తారు.

మీ
తణికాచలం

~

తిరువళ్ళూరు,
27-1-1983

తణికా,

నీ ఉత్తరం నేను చదువుకుని, తర్వాత మీ అక్కకు చదివి వినిపించాను. అమృతకు తెలుగు అక్షరాలు పలక దాటలేదు కదా. కాలిపోయిన మోటారు దగ్గరికి వచ్చేసరికి నవ్వీ నవ్వీ పొయ్యిమీది పాలు మరిచిపోయింది. ఆ పాలు నీ ఖాతాలో రాశాం.

నీ పావలా పుస్తకాల్లో తాడు గురించి లేనట్టుంది. చెబుతాను విను. కొబ్బరి తాడు వద్దు, తడిస్తే ఒక పొడుగు, ఎండితే ఒక పొడుగు. నూలు తాడు తెచ్చి రాత్రంతా నానబెట్టు. బరువు కట్టి వేలాడదీసి ఆరబెట్టు. అది ఎంత సాగాలో అంత సాగాక అడుగుకో ముడి వెయ్యి, ఐదడుగులకో ఎర్ర గుడ్డ పీలిక కట్టు. గట్టుమీద ఒకేచోట సున్నంతో గుర్తు పెట్టు, ఎప్పుడూ అక్కడినుంచే వదలాలి. రాయి నీళ్ళకు తగిలిన చప్పుడు చెవికి తెలియాలి, కాబట్టి పిల్లల నోళ్ళు మూయించు. పొద్దున్నే, ఆడవాళ్ళు చేదడానికి రాకముందే కొలవాలి. ఇవన్నీ ఎనిమిదేళ్ళ కింద ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను నేర్చుకున్నవి.

ఆఫీసు లెక్కలంటావా, అవి పై అధికారి బీరువాలో ఉంటాయి. చూస్తాను. అయినా పిల్లల చదువుకు సర్కారు లెక్క ఎందుకు? మీ గీత మీరు గీసుకోండి.

ధనకోటి నాయుడి దగ్గరికి పోయి తప్పయిపోయిందని చెప్పు. చెప్పినందువల్ల నీ సైన్సు తరిగిపోదు.

జనార్ధనం

~

తిరుత్తణి,
28-2-1983

బావా,

మీ తాడు దేవుడిచ్చిన తాడు! ఎవరు కొలిచినా ఒకటే లెక్క వస్తోంది. ఆరుముగం కొలిచి, చెప్పకుండా తాడు కోకిలకు ఇస్తాడు. ఆ పిల్ల కొలిచి, వాడికి వినబడకుండా నా చెవిలో చెబుతుంది. రెండూ కలిస్తేనే రాస్తాం. ఈ పద్ధతి వాళ్ళే పెట్టుకున్నారు, నేను చెప్పలేదు.

పాత క్యాలెండరు కాగితాల వెనక గళ్ళు గీసి గ్రాఫు వేశాం. ఒకటో బావి జనవరి చివర ముప్పైయొక్క అడుగు. ఫిబ్రవరి మొదట ముప్పైనాలుగు. తర్వాత ఏమైందనుకున్నారు? ముప్పైమూడు! నీళ్ళు పైకి వచ్చాయి! పిల్లలు నన్ను చూస్తారు, నేను పిల్లలను చూస్తాను. కోకిల వేళ్ళమీద దినాలు లెక్కపెట్టి, “సారూ, ఆ నాలుగు దినాలు కరెంటు లేదు. మోటార్లు ఆడలేదు” అంది. వాద్యారుగా నాకు జీతమివ్వడం దండగ, ఆ పిల్లకివ్వాలి.

(ధనకోటి నాయుడి మోటారు బాగుపడింది. తప్పయిపోయిందని చెప్పాను. “పోనీలే వాద్యారే, టీ తాగు” అన్నాడు.)

ఇక అసలు మంట. శుక్రవారం బడికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. హెడ్‌మాస్టరు పచ్చయ్యప్పగారు గోడమీది గ్రాఫు చూపించి తానే చేయించినట్టు నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు సర్దుకుని, “ఇదేమయ్యా, పళ్ళూడిన దువ్వెనలాగుంది? గ్రాఫంటే నున్నగా ఉండాల. ఎండాకాలం నీళ్ళు పైకెట్ల వస్తాయి? తప్పు గదా” అన్నాడు. నేను కరెంటు సంగతి చెప్పబోయాను. పచ్చయ్యప్పగారు నా కాలు తొక్కాడు. నిజంగా, చెప్పుతో! ఆయన పోయాక, “నువ్వు టెంపరరీ మనిషివి, నీకెందుకయ్యా బాయిలూ తాళ్ళూ? పరీక్షలో కర్మాగారమే వస్తాది. గోడమీదిది తీసెయ్” అన్నాడు. తీయలేదు. తీయను.

లెక్కలు పంపమని మూడు కార్డులు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. బీరువా తాళంచెవి మీ పై అధికారి మింగాడా?

తణికాచలం

~

తిరువళ్ళూరు,
12-3-1983

తణికా,

ఇంత తొందర పనికిరాదు. లెక్కలు వేరే కాగితంమీద రాసి ఇందులో పెట్టాను. జనవరి నుంచి మార్చి వరకు, ఐదు బావులు. పాఠానికి మాత్రమే వాడు. గోడకు అంటించవద్దు. బయటివాళ్ళకు చూపించవద్దు. నేను పంపానని ఎక్కడా అనవద్దు.

మీ అక్కకు నడుం నొప్పి తగ్గింది.

జనార్ధనం

~

తిరుత్తణి,
29-3-1983

బావా,

కూర్చుని చదవండి. నేను నిలబడే రాస్తున్నాను, కూర్చోబుద్ధి కావడం లేదు.

మీరు పంపిన లెక్కలు పిల్లలు అదే కాగితంమీద ఎర్ర పెన్సిలుతో గీశారు. మా నీలం గీత ఒకటో బావికి ముప్పైయొకటి దగ్గర మొదలై, ఎక్కుతూ దిగుతూ, మొన్న ఆదివారానికి ముప్పైతొమ్మిదికి చేరింది. సర్కారు ఎర్ర గీత పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై. రెండో బావీ నెలకొక అడుగు. మూడోదీ నెలకొక అడుగు. ఐదూ అంతే! ఆరుముగం చూసి, “సారూ, ఇది స్కేలు పెట్టి గీసిండారా?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అదలా ఉంచండి. నాలుగో నంబరు బావి: పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది. మేము నాలుగని పెట్టుకున్నది వేరే. మీ కాగితంలో ‘చిన్నబడి తూర్పు పక్క’ అని ఉంది. సరే, చూద్దామని అందరం పోయాం. చిన్నబడి తూర్పు పక్క ఏముందో తెలుసా? పోయిన ఏడాది కట్టిన సత్తుణవు వంటశాల, బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది. ఆ బావి పూడ్చి, దానిమీద కట్టారు! లోపల పొయ్యి మండుతోంది. వంట చేసేది కోకిల తల్లి మునెమ్మే. “ఇక్కడ బాయి యాడమ్మా?” అంటే కాలితో నేల తట్టి చూపించింది. లెక్క సంగతి చెప్పాను. ఆమె గరిటె పట్టుకునే అంది: “నా కాళ్ళ కింద పందొమ్మిది అడుగుల్లో నీళ్ళు ఉండాయని సర్కారు చెప్తా ఉండాదా? నేను మైలు దూరం పోయి మోస్తా ఉండాను గదయ్యా, నాకొక మాట చెప్పకూడదా?”

పిల్లలు మళ్ళీ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఎందుకంటే, పోయిన వారం నీళ్ళ లారీ కావాలని ఊరివాళ్ళు తాలూకా ఆఫీసుకు పోయారు. అక్కడి గుమాస్తా ఫైలు తిప్పి, “నలభై అడుగులు దాటితేనే లారీ. మీ ఊరి బాయిల్లో ఇరవైకే నీళ్ళు ఉండాయి, పోండి” అన్నాడట. ఆ ఇరవై ఈ ఇరవైయే బావా! ఎవడో తిరువళ్ళూరులో ఫ్యాను కింద కూర్చుని కలంతో తోడిన నీళ్ళు! ఆ నీళ్ళు తాగమని ఊరికి చెబుతున్నారు!

గ్రాఫులో ప్రతిదానికీ పేరు రాయాలని నేనే నేర్పాను. ఇది కాలం, ఇది లోతు, ఇది పిల్లల గీత, ఇది సర్కారు గీత. కోకిల ఎర్రదానికీ నీలందానికీ మధ్య వేలు పెట్టి, “సారూ, ఈ నడుమ ఖాళీకి ఏం పేరు రాయాల?” అని అడిగింది. నేను చెప్పాను: “ఈ లెక్క రాసినవాడి పేరు కనుక్కుంటాను. అది రాద్దాం.”

మీకు తెలియకుండా ఉండదు. ఎవడు వాడు? పేరు రాయండి. కలెక్టరుకు అర్జీ సిద్ధంగా ఉంది, గ్రాఫుతో సహా, నలభైరెండు సంతకాలతో. పేరొకటే తక్కువ.

తణికాచలం

~

తిరువళ్ళూరు,
8-4-1983

తణికా,

కొంచెం ఆగు. అర్జీలో పేరు పెట్టడం సులభం. ఆ పేరు వెనక ఒక ఇల్లు ఉంటుంది.

ఇక్కడ ఒకాయన ఉన్నాడు. ఆయన కథ చెబుతాను. చేరిన కొత్తలో అరవైమూడు బావులు, ఒక సైకిలు ఇచ్చారు. ఆయన ప్రతి బావికీ పోయాడు. తాడు నానబెట్టి, ముడులు వేసి, పొద్దున్నే పోయాడు. ఒక నెల ఒక బావిలో నీళ్ళు తొమ్మిది అడుగులు దిగాయి. ఉన్నది ఉన్నట్టు రాశాడు. ఎర్ర ఇంకుతో తిరిగివచ్చింది: ‘ఇంత తేడా ఎందుకు? సంజాయిషీ ఇవ్వవలెను.’ మళ్ళీ పోయి కొలిచాడు, అదే లెక్క. సంజాయిషీ రాశాడు. మళ్ళీ ఎర్ర ఇంకు. మూడుసార్లు. పై అధికారి పిలిచి, “నీ బావులొక్కటే ఎందుకయ్యా ఇట్లా గంతులేస్తాయి? మిగతావాళ్ళ బావులు బుద్ధిగా ఉన్నాయే” అన్నాడు.

ఆ తర్వాత వెంగల్ దారిలో ఇసకలో సైకిలు జారి కుడిచెయ్యి మణికట్టు విరిగింది. రెండు నెలలు పిండికట్టు. ప్రతి నెలా ఇరవయ్యో తేదీకి లెక్కలు పోవాలి. మంచంమీద పడుకుని, పోయిన నెల లెక్కకు ఒక అడుగు కలిపి చెప్పాడు. ఇంట్లో ఎవరో రాశారు. ఎర్ర ఇంకు రాలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. వానాకాలంలో ఐదడుగులు తగ్గించాడు, ఎండాకాలంలో అడుగడుగు పెంచాడు. అప్పుడూ అడగలేదు. చెయ్యి అతుక్కుంది. సైకిలు గోడకే ఉండిపోయింది.

ఆయన దొంగ అని నేననను. కాదు అని కూడా అనను. అర్జీ ఒక నెల ఆపు.

జనార్ధనం

~

తిరుత్తణి,
14-4-1983

జనార్ధనంగారికి,

మీ ఉత్తరం అందినది.

ఆ పిండికట్టు నాకు తెలుసు. 1976 ఆగస్టు. నేను మీ ఇంట్లో ఉండి చదువుకుంటున్న ఏడు. రెండు నెలలు మీ చొక్కాకు గుండీలు పెట్టింది నేనే.

అర్జీ ఆపను.

కె. తణికాచలం

~

తిరువళ్ళూరు,
6-5-1983

తణికా,

‘గారు’ అని రాశావు. ఎనిమిదేళ్ళలో ఎర్ర ఇంకు ఎంతో చూశాను, ఇంత లోతుగా దిగింది ఒక్కటీ లేదు.

ఆ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించలేదు. ఏం రాశాడని అడిగింది. “బాగున్నాడు, నిన్ను అడిగాడు” అన్నాను. ఆమె కాగితం తీసుకుని చూసింది. చదవడం రాదు, కానీ పొడుగు తెలుసు కదా. “వాడు ఇంత పొట్టిగా ఎప్పుడు రాసినాడు?” అంది. అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను. ఆమె ఆ సాయంత్రం గోడ దగ్గరి సైకిలు బయటికి తీసి తుడిచింది. ఏమన్నా అనుంటే బాగుండేది.

నువ్వు అర్జీ పంపావో లేదో నాకు తెలియదు. పంపి ఉంటే మంచిది. నేను ఒక పని చేశాను. ఏప్రిల్ నెల లెక్కలో ఒకటో బావికి నలభైమూడు అని రాశాను. ధనకోటి నాయుడి మేనల్లుడు ఇటు వస్తే మీ పిల్లల లెక్క అడిగి తెలుసుకున్నాను. నీ పేరెత్తలేదు. నాలుగో బావికి ‘పూడ్చివేయబడినది’ అని రాశాను. లారీ వస్తుంది, పిల్లవాడి కోపం చల్లారుతుంది, నా బతుకు నేను బతుకుతాను అనుకున్నాను.

నిన్న తిరిగి వచ్చింది. ఎర్ర ఇంకుతో ఏముందో అక్షరం పొల్లు పోకుండా రాస్తున్నాను: ‘మార్చిలో ఇరవై అడుగులు ఉండి ఏప్రిల్‌లో నలభైమూడు కావడం అసాధ్యం. ఏడు సంవత్సరాల లెక్కలతో పొంతన లేదు. కొలత తప్పు. సరిదిద్ది పంపవలెను.’

చూశావా తణికా? ఏడేళ్ళు అబద్ధం రాశాను, ఒక్కడూ తప్పు అనలేదు. ఒక్కసారి నిజం రాస్తే తప్పట! నా అబద్ధమే ఈవేళ దానికి సాక్షి. ఇప్పుడు ఇరవైయొకటి అని దిద్దితే ఎవరూ ఏమీ అనరు. నలభైమూడు నిలవాలంటే ఆ ఇరవై ఎట్లా వచ్చిందో చెప్పాలి.

పదిహేను రోజులు గడువు ఇచ్చారు. ఏం చేయాలో నాకు తోచడం లేదు. నిన్ను అడగడానికి సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను.

జనార్ధనం

~

తిరుత్తణి,
12-5-1983

బావా,

అర్జీ పంపలేదు. నా పెట్టెలోనే ఉంది. రోజూ పోస్టాఫీసుదాకా పోయి, డబ్బా ముందు నిలబడి, వెనక్కి వస్తున్నాను. పోస్టుమ్యాను కూడా నన్ను చూసి నవ్వుతున్నాడు. మీమీద కోపం ఒక పాలు, పంపలేకపోతున్నానని నామీద కోపం మూడు పాళ్ళు.

ఒక సంగతి మీరు రాయలేదు. ‘ఇంట్లో ఎవరో రాశారు’ అన్నారు. ఎవరో కాదు, నేను. మీరు మంచంమీద పడుకుని అంకెలు చెబుతుంటే, స్కేలు పెట్టి గళ్ళు గీసి రాసింది నేను. “బావా, ఇవి ఎప్పుడు కొలిచినారు?” అని ఒకసారి అడిగాను. “రాయిరా” అన్నారు. రాశాను. నా రాత ముత్యాల్లాగుందని మీరు మెచ్చుకుంటే వారం రోజులు గర్వంగా తిరిగాను. నాకు సాకుగా చిన్న వయసుంది, మీకు అదీ లేదు అని రాయాలనుకున్నాను. రాసి కొట్టేశాను. ధనకోటి నాయుడిమీద అరిచినప్పుడు నేను చిన్నవాణ్ణి కాదు కదా. తప్పు అంకె చేతిలో పెట్టుకుని ఎంత ధైర్యంగా అరిచాను! ఆ రోజు మీరు నన్ను చూసి నవ్వలేదు, తాడు ఎట్లా కట్టాలో చెప్పారు.

ఏం చేయాలని అడిగారు. పోయిన ఏడాదైతే పది పేజీల ఉపన్యాసం రాసేవాణ్ణి. ఇప్పుడు ఇక్కడి సంగతులే రాస్తాను.

ఒకటో బావిలో అడుగు కనబడుతోంది. ఆడవాళ్ళు చిన్నపిల్లలను నడుముకు తాడు కట్టి లోపలికి దించి, గిన్నెతో బిందెలోకి తోడిస్తున్నారు. మొన్న ఒక పిల్ల జారింది. తాడు ఉంది కాబట్టి మోకాలు చీరుకుపోయి బయటపడింది. ఆ తాడు ఏదో తెలుసా? మనదే. ముడులున్న తాడు, ఎర్ర పీలికల తాడు. ముడులుంటే చేతికి పట్టు దొరుకుతుందని మునెమ్మ వచ్చి అడిగింది, ఇచ్చాను. ఆదివారం పొద్దున ఒక గంట మాత్రం కొలవడానికి తిరిగి ఇస్తుంది.

పచ్చయ్యప్పగారు జూన్ నుంచి రావద్దన్నాడు. “పిల్లలు బాగా నేర్చుకున్నారు, అదే వచ్చిన తంటా” అన్నాడు. ఆ మాటకు కోపం తెచ్చుకోవాలో సంతోషించాలో తెలియలేదు. గ్రాఫు గోడమీద నుంచి తీయించాడు. కోకిల దాన్ని చుట్టి ఇంటికి తీసుకుపోయింది. సెలవుల్లో కూడా గీస్తోంది.

నడుమ ఖాళీకి పేరు ఇంకా రాయలేదు. ఆ పిల్ల అడిగినప్పుడల్లా మాట మారుస్తున్నాను. అడగడం మానేసింది. అదే నాకు ఎక్కువ మంటగా ఉంది. మీరు ఇరవైయొకటి అని దిద్దినా నేను అర్జీ పంపుతానని చెప్పలేను. దిద్దకపోతే అక్క ఇల్లు ఎట్లా నడుస్తుందో చెప్పలేను. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ ఖాళీలో పేరు రాసే రోజు వస్తే, మీ పేరు కింద నా పేరు కూడా రాయిస్తాను.

తణికాచలం

~

తిరువళ్ళూరు,
3-6-1983

తణికా,

నేను ఇచ్చిన సంజాయిషీ నకలు ఇది. ఇంతకంటే పొడుగు రాలేదు:

‘1976 ఆగస్టు నుంచి 1983 మార్చి వరకు రాళ్ళకండ్రిగ ఐదు బావుల లెక్కలు నేను బావి దగ్గరికి పోకుండా రాసినవి. ఏప్రిల్ లెక్క తొమ్మిదో తరగతి పిల్లలు తాడుతో కొలిచినది. ఒక్క నెలలో ఇరవైమూడు అడుగులు దిగలేదు. ఏడేళ్ళుగా దిగుతూ ఉన్నవి. నేను చూడలేదు.’

పై అధికారి చదివి తలుపు వేయించాడు. “ఏమప్పా జనార్ధనం, నీకు పిచ్చి పట్టిందా? దీన్ని చించేసి, ఎండ ఎక్కువైందని ఒక ముక్క రాసివ్వు. నీకూ మంచిది, నాకూ మంచిది” అన్నాడు. ఆయనకు ఎందుకు మంచిదో అప్పుడు తెలిసింది. ఇది చించేస్తే మిగతా యాభైయెనిమిది బావుల లెక్కలను ఇంకెవరూ తిరిగి చూడరు. చించలేదు. తాలూకా ఆఫీసుకు ఒక నకలు, కలెక్టరాఫీసుకు ఒక నకలు నేనే పోయి ఇచ్చి, ముద్ర వేయించుకున్నాను. ఒకటో తేదీ నుంచి సస్పెన్షన్. విచారణ ఎప్పుడో, ఏమౌతుందో తెలియదు.

మీ అక్క ఈసారి మాట్లాడింది. “సైకిలుకు గాలి కొట్టించినాను” అంది. అంతే.

లారీ సంగతికి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. తాలూకా ఆఫీసులో ‘పరిశీలిస్తాం’ అన్నారు. ఆ మాటకు ఎన్ని నెలలో నాకు బాగా తెలుసు. అయితే వచ్చే గురువారం ఒక అధికారి కండ్రిగకు వచ్చి స్వయంగా కొలుస్తాడట. బావులు చూపించడానికి నన్ను రమ్మన్నారు. నేను కొలవకూడదట, నా చేతిమీద నమ్మకం లేదు. న్యాయమే. ఆ గంటసేపు తాడు ఇమ్మని మునెమ్మను అడుగు. ఆరుముగాన్ని తాడు పట్టుకోమను, ఆ పిల్లను ముడులు లెక్కపెట్టమను. నాలుగో బావి ఎక్కడ అని ఆయన అడిగితే, వంటశాలలోకి తీసుకుపోయి పొయ్యి చూపించాల్సింది నేనే. మునెమ్మ ముఖం ఎట్లా చూడాలో ఇంకా తెలియడం లేదు.

నీ ఉత్తరంలో చివరి మాటకు జవాబు. ఏడేళ్ళనాడు నువ్వు “ఎప్పుడు కొలిచినారు” అని అడిగావు. ఈ ఏడేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాడివి నువ్వొక్కడివే. నేను జవాబు చెప్పకుండా “రాయిరా” అన్నాను. అడిగినవాడి పేరు అక్కడ ఉండకూడదు. ఉంటే లెక్క తప్పుతుంది.

గురువారం మొదటి బండికి సైకిలుతో తిరుత్తణిలో దిగుతాను. అక్కడినుంచి తొక్కుకుంటూ వస్తాను. ఆ పిల్ల గ్రాఫు కాగితం, పెన్సిలు తెచ్చుకోవాలి. రెండు గీతల నడుమ ఖాళీలో ఒకటే పేరు రాయాలి. ఇంటిపేరుతో, పూర్తిగా, నేను చూస్తుండగా.

మీ బావ
జనార్ధనం